బుస కొట్టే పామే బాగున్న పాము

మా వేల్పూర్‌లో ఎద్దును కొనేవాడికి సలహా చెప్పడానికి పది మంది ముందుకొస్తారు. పళ్ళు చూడు, గిట్టలు చూడు, ముట్టె తడిగా ఉందో లేదో చూడు, నాలుగడుగులు నడిపించి చూడు, అన్నిటికంటే ముందు సాధువేనా కాదా చూడు అంటారు. ఆ సలహా సరైనదే. కాడి కింద మెడ పెట్టాల్సిన పశువు పొడవకూడదు, తన్నకూడదు. చిక్కెక్కడ వచ్చిందంటే, అదే కొలతతో మా అక్క కొడుకు పామును కొన్నాడు. పక్కనున్న నేను కాదనలేదు.

పామును కొనడమేమిటని ముక్కున వేలేసుకోకండి. నిజామాబాద్ జిల్లాలో పసుపు, ఎర్రజొన్న, మక్కలు పండే మండలం మాది. పిల్లలందరినీ పని మాన్పించి బడికి పంపిన మండలమని 2001లో పేరొచ్చింది. ఆనాటి పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. వాళ్ళ పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. ఆ ఫోన్లలో మెడకు కొండచిలువను చుట్టుకుని నవ్వే కుర్రాళ్ళున్నారు. మా అక్క కొడుకు సంగతి తెలిశాక ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి, కొంటే ఎట్లాంటిది కొనాలని అడిగారు. నేను చెప్పింది విని, ఇవన్నీ తలకిందుల సలహాలన్నారు. తలకిందులవే కావచ్చు. ఒక ప్రాణం పోయాక నేర్చుకున్నవి కాబట్టి వాటినే మళ్ళీ చెబుతున్నాను.

మొదటి మాట: సాధువుగా ఉన్న పామును కొనకండి.

పసుపు ఉడికించే రోజులవి. ఊరంతా పొయ్యిల పొగ, ఉడికిన కొమ్ముల వాసన. ఆ పని మధ్యలో మేమిద్దరం నగరానికి పోయాం. అమ్మే మనిషి ఒక గదిలో అరల మీద ప్లాస్టిక్ డబ్బాలు పేర్చి పెట్టాడు. అన్నీ బాల్ పైథాన్ పిల్లలే. ఆఫ్రికా పశ్చిమ భాగం నుంచి మధ్య భాగం దాకా ఉండే చిన్న జాతి కొండచిలువ ఇది. భయమేస్తే తలను నడుమ దాచుకుని బంతిలా ముడుచుకుంటుంది కాబట్టి ఆ పేరొచ్చింది. నాలుగు డబ్బాలు తెరిచి చూపించాడు. ఒకటి బంతిలా ముడుచుకుంది. ఒకటి మెడను ఎస్ ఆకారంలో వెనక్కి లాగి బుస్సుమంది. ఒకటి మూత తీయగానే మూలకు పాకి కాగితం కింద దూరింది. నాలుగోది అరచేతిలో పెడితే పెట్టినట్టే పడుకుంది.

"మామా, ఇది చూడు, ఎంత మంచిగుందో. కరువది" అన్నాడు వాడు.

"ఇది చేతికి అలవాటైంది సార్" అన్నాడు అమ్మేవాడు.

దాన్నే తెచ్చాం. తెచ్చిన రోజు నుంచి అది ఏమీ తినలేదు. కొత్త చోటు కదా అనుకున్నాం. మూడో వారంలో ఒక రాత్రి డబ్బాలోంచి సన్నటి చప్పుడు వినిపించింది. అన్నం ఉడికేటప్పుడు గంజి మీద బుడగ పగిలితే ఎట్లుంటుందో అట్లాంటి చప్పుడు, ఆగి ఆగి. లైటు వేసి చూస్తే పాము తల పైకెత్తి, నోరు కొద్దిగా తెరిచి పట్టుకుని ఉంది. పెదవి అంచున దారంలాంటి జిగురు. ఊపిరి ముక్కులోంచి ఆడక నోటితో పీలుస్తోంది. అది ఊపిరితిత్తుల జబ్బు. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, బర్రెలకూ మేకలకూ మందిచ్చే తాను పాము నోరు ఎన్నడూ తెరిచి చూడలేదని ఉన్న మాట చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. పాములను చూసే డాక్టరు ఎక్కడున్నాడో కొనక ముందే వెతుక్కోవాల్సింది మేము. ఉగాదికి ముందే అది చచ్చిపోయింది. చేతికి అలవాటైందని మేం మురిసిన ఆ ఓపిక నిజానికి ఓపిక కాదు, కదలడానికి సత్తువ లేకపోవడం.

కుక్క, ఎద్దు, మేక వేల ఏళ్ళుగా మనిషితో బతికి మనిషి మాట నేర్చుకున్నాయి. పాము నేర్చుకోలేదు. దానికి మనిషి అంటే తనను తొక్కగల, తినగల పెద్ద జంతువు. కాబట్టి బాగున్న పాము మనల్ని చూసి తప్పుకోవాలనుకుంటుంది, దాక్కుంటుంది, లేదా బెదిరిస్తుంది. చిన్న పిల్లైతే బుస కొట్టడం మరీ సహజం. చేతికి నిజంగానే అలవాటైన పాములు ఉంటాయి, అది అబద్ధం కాదు. అయితే అవి కూడా చేతిలో ఊరికే పడి ఉండవు. నాలుక మాటిమాటికీ బయటికి తీస్తాయి, వేళ్ళ సందుల్లోంచి దారి వెతుకుతాయి, మణికట్టును చుట్టి పట్టుకుంటాయి. ఆ పట్టే అసలు పరీక్ష. రెండు చేతుల మీద అడ్డంగా వేసుకున్నప్పుడు బాగున్న పాము బిగించిన పగ్గంలా ఉంటుంది. జబ్బు పాము తడిసిన తువ్వాలులా రెండు వైపులా వేలాడుతుంది. మెల్లగా వెల్లకిలా తిప్పితే బాగున్నది వెంటనే బోర్లా తిరుగుతుంది. తిరగలేకపోయినా, ఏ కారణం లేకుండా తల వెనక్కి విరుచుకుని ఆకాశం చూస్తున్నా, అది మెదడుకూ నరాలకూ సంబంధించిన జబ్బు. కొండచిలువల జాతుల్లో వైరస్ వల్ల వచ్చే అలాంటి జబ్బు ఒకటుంది, దానికి మందు లేదు. బాల్ పైథాన్‌లలోనే స్పైడర్ అనే రంగు రకం ఉంది. సాలెగూడు లాంటి గీతలతో చూడ్డానికి అందంగా ఉంటుంది. ఆ రంగుతో పాటే తల వణికే లోపమూ పుట్టుకతో వస్తుంది. రంగును చూసి డబ్బు పెట్టేవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

రెండో మాట: పామును చూడకముందు దాని నీళ్ళ గిన్నె చూడండి.

మొదటి పాము పోయిన కొన్నాళ్ళకు మా అక్క కొడుకు మళ్ళీ ఇంకో చోటికి పోదామన్నాడు. ఈసారి నేను అద్దాలు పెట్టుకుని, తెల్ల చేతిరుమాలు జేబులో వేసుకుని పోయాను. అక్కడ ఒక పాము నీళ్ళ గిన్నెలో చుట్ట చుట్టుకుని కూర్చుంది. చల్లదనానికి కూర్చుందన్నాడు అమ్మేవాడు. పామును పక్కకు తీయించి గిన్నెను వెలుతురులోకి వంచి చూశాను. అడుగున ఆవాలను దంచి చల్లినట్టు నల్లటి నలుసులు. రుమాలుతో పాము గడ్డం కింద తుడిస్తే రుమాలు మీద రెండు నలుసులు నడుస్తున్నాయి. అవి పాము పేలు. పొలుసుల సందుల్లో, కంటి చుట్టూ, గడ్డం కింది గాడిలో దూరి రక్తం తాగుతాయి. దురద భరించలేక పాము గంటల కొద్దీ నీళ్ళలో కూర్చుంటుంది. ఒక పాముకు ఉంటే ఆ గదిలోని అన్నిటికీ ఉన్నట్టే లెక్క. పామును కడిగి, బొట్టు పెట్టినట్టు ముస్తాబు చేసి చూపించగలరు. గిన్నెను కడగాలని మాత్రం చాలామందికి తోచదు.

గిన్నె తర్వాత విడిచిన కుబుసం అడగండి. బాగున్న పాము కుబుసం మేజోడు విప్పినట్టు తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా వస్తుంది. తల దగ్గర కళ్ళ మీది రెండు గుండ్రటి పొరలు కూడా ఆ కుబుసంతోనే ఊడి రావాలి. ముక్కలు ముక్కలుగా ఊడిందంటే గాలిలో తేమ చాలలేదు, లేదా ఒంట్లో బాగాలేదు. కంటి పొర కంటి మీదే మిగిలిపోతే కన్ను మసకబారుతుంది. తోక చివర పాత తోలు ఉంగరంలా బిగుసుకుంటే ఆ చివర ఎండి రాలిపోతుంది. కుబుసం విడిచే ముందు కొన్ని రోజులు రెండు కళ్ళూ పాలరంగుకు తిరగడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. ఒక్క కన్నే మసకగా ఉంటే వెనక్కి రండి.

మిగతావి పశువును చూసే కంటికి అందేవే. ముక్కు రంధ్రాల దగ్గర బుడగలు ఉండకూడదు. నోటి లోపల లేత గులాబీ రంగుండాలి, పెరుగు గడ్డల్లాంటి చీము కనిపించకూడదు. వెన్నెముక కత్తి వాదరలా పైకి తేలి ఉండకూడదు, ఒళ్ళు గుండ్రంగా ఉండాలి. మల ద్వారం దగ్గర ఎండిన మలం అంటుకుని ఉండకూడదు.

తిండి గురించి అమ్మేవాడి మాట నమ్మకండి. తింటుందని అందరూ చెబుతారు. మీ కళ్ళ ముందు తినిపించమనండి. తిన్నది చూశాక డబ్బిచ్చి, పామును అదే రోజు తెచ్చుకోకుండా నాలుగైదు రోజులాగి వెళ్ళి తెచ్చుకోండి. కడుపులో ఎలుక ఉన్న పామును ప్రయాణంలో కుదిపితే కక్కేస్తుంది. ఇంత దూరం రెండుసార్లు ఎవరు తిరుగుతారని మా అక్క కొడుకు నన్ను అడిగాడు. రెండుసార్లు తిరగలేనివాడు 20, 30 ఏళ్ళు దాన్ని ఎట్లా సాకుతాడు? బాల్ పైథాన్ అంత కాలం బతుకుతుంది. ఇంజనీరింగ్ చదవడానికి నువ్వు ఊరు దాటిపోతే ఎలుకలు తెచ్చి వేసేదెవరని వాణ్ణి అడిగాను. వాళ్ళ అమ్మ వైపు చూశాడు. ఆమె మాట్లాడలేదు. ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన చచ్చిన ఎలుకల పొట్లం పెట్టడానికి ఇల్లాలు ఒప్పుకుందా లేదా అన్నది పాము ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నే. ఇంట్లో అయిదేళ్ళ లోపు పిల్లలుంటే అసలు వద్దనే చెబుతాను. పైకి ఎంత బాగున్నా పాముల ఒంట్లో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు, పసిపిల్లలకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

మా ఎండల సంగతీ చెప్పాలి. ఈ పాముకు గూటిలో ఒక మూల 32 డిగ్రీల దగ్గర, ఇంకో మూల 26 డిగ్రీల దగ్గర ఉండాలి. వేడి కావాలంటే ఇటు, చల్లదనం కావాలంటే అటు జరుగుతుంది. నిజామాబాద్ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు తాకిన రోజులున్నాయి. రేకుల గదిలో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ డబ్బాలో పాముకు జరగడానికి చల్లటి మూలే ఉండదు.

మూడో మాట, ఇది అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: పాము కంటే ముందు కాగితం చూడండి.

మన నేల మీద పుట్టిన పామును పట్టుకోవడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతులను కూడా పులిని పెట్టిన మొదటి షెడ్యూల్లోకే చేర్చారు. ఆ షెడ్యూల్లోని జీవిని పడితే 3 ఏళ్ళకు తగ్గకుండా 7 ఏళ్ళ దాకా జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములకు వేరే దారి ఉంది. వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం జాబితాలో కొండచిలువలన్నీ ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం అలాంటి జీవి ఎవరి దగ్గరున్నా పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా తెలపాలి. మాకు అమ్మిన మనిషి కాగితాలు వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. పంపలేదు. అప్పుడు మాకు తెలియదనేది నిజమే గానీ, తెలియకపోవడం చట్టం ముందు చెల్లదు. అడవి నుంచి పట్టి తెచ్చిన పాముకూ, ఇంట్లో పొదిగిన పాముకూ తేడా కూడా ఆ కాగితంలోనే తేలుతుంది. పట్టి తెచ్చినవి లోపల పురుగులతో, భయంతో వస్తాయి, చాలావరకు తిండి ముట్టవు.

కాగితం లేని వ్యాపారంలో మన వైపు ఎక్కువ వినిపించేది రెండు తలల పాము. అది పొలాల్లో, ఇసుక నేలల్లో ఉండే విషం లేని పాము. తోక మొద్దుగా తలలాగే ఉంటుంది, అంతే. ఉన్న తల ఒకటే. ఇంట్లో ఉంటే ధనం వస్తుందని, మందులకు పనికొస్తుందని, తూకం ఇంత ఉంటే లక్షలు పలుకుతుందని ఎవరో చెబుతారు. దాన్ని గోనెసంచిలో పెట్టుకుని బేరం కోసం తిరిగి పోలీసులకు దొరికిన వాళ్ళ వార్తలు తెలుగు పత్రికల్లో ఎన్నో వచ్చాయి. దాని మందు గుణం గురించి చెప్పేదంతా అబద్ధం.

సాధు పాము మాటకొచ్చాను కాబట్టి నాగుల పంచమి గురించి చెప్పకుండా ఉండలేను. శ్రావణంలో ఆ రోజు బుట్టతో వాకిట్లోకొచ్చే నాగుపాము కంటే సాధువైనది ఎక్కడా కనిపించదు. పడగ విప్పుతుంది, కాటు వేయదు, గిన్నెలో పాలు పెడితే తాగుతుంది. చిన్నప్పుడు మా అమ్మ చెంగు పట్టుకుని నేనూ దండం పెట్టాను. ఆ సాధుతనం ఎట్లా వస్తుందో తర్వాత తెలిసింది. కోరలు పీకుతారు. కొన్నిటికి నోరు దారంతో కుడతారు. పండుగకు ముందు రోజుల కొద్దీ నీళ్ళివ్వకుండా ఎండబెడతారు. గొంతు ఎండిన పాము ఏ ద్రవం కనబడ్డా నోరు పెడుతుంది. పాము పాలు అరిగించుకునే జంతువు కాదు. ఆ పాలు ఊపిరి గొట్టంలోకి పోయి చస్తాయి, లేదా కోరల పుండు కుళ్ళి చస్తాయి. ఏటా హైదరాబాద్‌లో ఆ రోజుల్లో అటవీ శాఖవాళ్ళు, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు ఇట్లాంటి పాములను విడిపిస్తుంటారు. భక్తితో పోసిన పాలే ఆ పాముకు చావు అవుతోందంటే, ఆ భక్తి ఉన్నవాళ్ళే ముందు ఆపాలి. పుట్ట దగ్గరికి పోయి పసుపూ కుంకుమా పెట్టి రండి. పుట్టకు నొప్పి లేదు.

ఇంతకూ మా అక్క కొడుకు రెండో పాము కొనలేదు. కాగితం ఉన్నవాడు ఉన్నాడు, ఖరీదు ఎక్కువ చెప్పాడు, వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. నేను వాడికి చివరి సలహా చెప్పాను. అందరికీ ఎక్కువ తిక్కగా తోచింది ఇదే. పాము కావాలంటే డబ్బు పెట్టకు, మన పసుపు చేను ఒడ్డుకు రా అన్నాను.

మృగశిర దగ్గర పడుతుండగా ఒక పొద్దున ఇద్దరం పోయాం. మోటరు గుడిసె వెనక ఖాళీ నేలలో రెండు జెర్రిపోతులు. ఆరడుగుల పైనే ఉంటాయి. ఒకదాన్నొకటి జడలా పేనుకుని, మొండాలను నిలువునా లేపి, ఒకటి ఇంకొకదాని తలను నేలకు అదమాలని చూస్తున్నాయి. వీపు మీది పొలుసులు ఎండకు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. వాటిని జంట అనుకుని, మీద కొత్త బట్ట వేస్తే కలిసొస్తుందనుకునేవాళ్ళున్నారు. అవి రెండూ మగవే, బలం చూసుకుంటున్నాయి. ఓడినది జారుకుంటుంది, అంతటితో సరి. పావుగంట చూశాం. వాడు ఫోన్ తీయడం కూడా మరిచిపోయాడు. తర్వాత వాడి కాలి కింద మక్క కంకి బెండు ఒకటి పటుక్కుమంది. రెండూ చెరో దిక్కుకు, గడ్డి మీద గాలి పోయినట్టు పోయాయి. కన్ను నిర్మలం, ఒంట్లో బిగువు, మనిషిని చూస్తే పరుగు. బాగున్న పాముకు నేను చెప్పిన గుర్తులన్నీ అక్కడున్నాయి.

జెర్రిపోతుకు విషం లేదు. నాగుపాముతో జతకడుతుందనేది, తోకతో కొడితే ఒళ్ళు కుళ్ళుతుందనేది వట్టి మాటలు. అది తినేది ఎలుకలను, కప్పలను. మా మేనమామ బోధన్ వైపు చెరుకు వేసి, శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీకి తోలినవాడు. ఎలుక కొరికిన గడ తూకం రాదు, రసం పులుస్తుంది, అందుకే సాళ్ళలో జెర్రిపోతు కనిపిస్తే కూలీలను కొట్టనిచ్చేవాడు కాదు. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు తగ్గి వరి పెరిగింది, ఎలుకలు మాత్రం తగ్గలేదు. జెర్రిపోతును కొట్టేసిన చేలో ఎలుకలు పెరుగుతాయి, ఆ ఎలుకల కోసం నాగుపాము వస్తుంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఏడాదికి 58 వేలు. ఎక్కువ మంది పల్లెల వాళ్ళే, సగం చావులు వానాకాలం నెలల్లోనే. ఆ చావుల్లో జెర్రిపోతు వాటా ఏమీ లేదు. చస్తున్నది మాత్రం కర్రకు ముందు దొరికే జెర్రిపోతే, ఎందుకంటే అది పగలు తిరుగుతుంది, పెద్దగా కనిపిస్తుంది.

పాము మీద ఇష్టం ఉన్న పిల్లలను నేను తప్పు పట్టను. ఆ ఇష్టం మంచిది. దాన్ని డబ్బాలో పెట్టొద్దంటాను. ఈసారి పసుపు ఆకు కోసేటప్పుడు ముందు పొడుగు కర్రతో సాళ్ళు తట్టండి, కాళ్ళకు బూట్లు వేసుకోండి, రాత్రి చేనుకు టార్చిలైటు లేకుండా పోకండి, వానాకాలం నేల మీద పడుకోకండి. ఎవరికైనా కాటు పడితే మంత్రం కోసం పరుగెత్తకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోండి. ఆకు కుప్ప కిందినుంచి జెర్రిపోతు బయటికొస్తే కర్ర దించి, రెండడుగులు వెనక్కి జరిగి దానికి దారివ్వండి.